మన్రో దొరగారు, బంగారు తోరణము



గత వర్షాకాలమున మా బోర్డింగునందు జరిగిన యొక చిన్న సంగతితో ఈ చరిత్రము నారంభింపవలసి యున్నది. ఎమ్మిగనూరు ప్రాంతమునుండి వచ్చి ఆఱవ తరగతిలో చేరిన యొక చేనేతవారి బాలుడు మూడు దినములు సరిగా అన్నము తినలేదు. ఒడలు చూడగా జ్వరము లేదు. ఇంటి మీది బెంగ యని మొదట తలంచితిమి. నాలుగవ నాడు వాడు తన క్రొత్త కలమును, ఇత్తడి చెంబును ప్రక్క బాలునికి ఇచ్చివేసినట్లు తెలిసినది. ఎందుకిచ్చితివని అడుగగా, తనకు వానితో ఇక పని లేదని మెల్లగా చెప్పి తల వంచుకొనెను.

విచారింపగా తేలిన దిది. రాత్రి దీపము లార్పిన పిదప పెద్ద బాలురు చిన్నవారికి వింతకథలు చెప్పుచుండిరి. వానిలో మన్రో దొరగారి కథ యొకటి. రెండు కొండల నడుమ బంగారు తోరణము గట్టి యుండగా ఆ దొరగారు చూచిరనియు, చావు సమీపించినవారికే అది కనబడుననియు, చూచిన కొలది దినములకే ఆయన మరణించిరనియు వారు చెప్పిరి. మరునాటి సాయంకాలము ఆ బాలుడు ఆదోని కోటకొండ వైపు చూడగా రెండు బండల నడుమ బంగారు చాయ మెఱసినదట. అంతటితో తన ఆయువు తీరినదని వాడు నిశ్చయించుకొనెను.

పెద్ద బాలురను మందలింపబోయి మేమే సిగ్గుపడితిమి. ఏలయన ఆ కథ వారు కల్పించినది కాదు. ఒకనాడు వాన కురియుచు తరగతి అల్లరి చేయుచుండగా, నిశ్శబ్దముగా నుంచుటకై దానిని మేమే చెప్పి యుంటిమి. గంట మ్రోగగానే కథ నడుమ నాపి వెడలిపోయితిమి. ఆ మనుష్యుడెవరో, ఏమి చేసెనో చెప్పలేదు. సగము చెప్పినవారే తక్కిన సగమును చెప్పవలెను గదా. కనుక మన్రోగారి చరిత్రమును మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

థామస్ మన్రోగారు 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించిరి. తండ్రి యగు అలెగ్జాండరు మన్రోగారు అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేయుచుండిన వర్తకుడు. బాల్యమున తట్టు పోసిన కారణముచే థామసుగారికి కొంచెము చెవుడు వచ్చి జీవితాంతము నిలిచెను. చదువునందు శ్రద్ధ మెండు. స్పెయిను దేశపు డాన్ క్విక్సోటు కథను మూలమునందే చదువ గోరి, పదునాఱేండ్ల ప్రాయమున గురువు లేకయే ఆ భాష నేర్చుకొనిరి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివి ఒక వర్తకుల కచ్చేరిలో గుమాస్తాగా కుదిరిరి. ఇంతలో అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడుటచే తండ్రి వ్యాపారము కూలిపోయెను. కుటుంబము బీదదయ్యెను.

అందుచే ఆయన ఈస్టిండియా కుంపిణీ కాల్బలమున క్యాడెట్టుగా చేరి 1780వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణమున దిగిరి. అప్పటికి వయస్సు పదునెనిమిది. ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. మన్రోగారు ఆ యుద్ధమందును, తరువాత టిపూ సుల్తానుతో జరిగిన యుద్ధములందును పనిచేసిరి. జీతము స్వల్పము. అయినను తమ్మునితో గలసి ఏటేట తండ్రికి ధనము పంపుచుండిరి. తీరిక వేళల హిందుస్తానీ, పారసీకము నేర్చుకొనిరి. దుబాసీ నోటనుండి గాక రైతు నోటనుండియే అతని మాట వినగలుగుట తరువాతి కాలమున ఆయనకు గొప్ప సాధనమయ్యెను.

1792లో బారామహలు సీమ, అనగా నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము, కుంపిణీవారి వశమయ్యెను. అచ్చట శిస్తు ఏర్పాటు చేయుటకు కెప్టెను అలెగ్జాండరు రీడుగారి క్రింద మన్రోగారు నియమింపబడిరి. ఏడేండ్లు ఊరూర తిరిగి, పొలము గట్లపై నడచి, భూమి పాళ్లు, బావుల లోతు, పైరుల రాబడి తెలిసికొనిరి. కత్తి పట్టిన చేయి లెక్కల పుస్తకము పట్టినది అప్పుడే. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప కొంతకాలము కన్నడ జిల్లాకు కలెక్టరుగా నుండి, 1800లో మన సీమకు వచ్చిరి.

మన సీమ యప్పుడే స్థితిలో నుండెను? విజయనగర రాజ్యము క్షీణించిన తరువాత ఆదవాని దుర్గము బిజాపురము వారికి, అటుపై మొగలాయిలకు, పిమ్మట నైజాము వంశమువారికి చిక్కెను. 1786లో టిపూ సుల్తాను ముట్టడించి పట్టుకొనెను. ఒక దొరతనము పోయి మఱియొకటి వచ్చినప్పుడెల్ల పన్ను చెల్లించినవాడు రైతే. 1800వ సంవత్సరము అక్టోబరులో నైజాముగారు తమ రక్షణకై యుంచుకొన్న కుంపిణీ సైన్యపు ఖర్చు క్రింద బళ్ళారి, అనంతపురము, కడప సీమలను, కర్నూలు సీమలో కొంత భాగమును కుంపిణీకి విడిచిపెట్టిరి. ఇట్లు దత్తము చేయబడినవి గనుక దత్తమండలములని పేరు వచ్చెను. 1928లో నంద్యాల సభయందు ఈ పేరును వదలి రాయలసీమ యను పేరు పెట్టుకొన్నాము. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో నుండి, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరెను.

ఇరువది లక్షల జనులుగల ఈ సీమకు మన్రోగారు ప్రధాన కలెక్టరైరి. ఆయన క్రింద నలుగురు సహాయోద్యోగులు. ఊరూర చిన్న కోటలు, సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు, వారి బంట్లు. గ్రామమునకు ఇద్దఱు ముగ్గురు శిస్తు వసూలు చేయుచుండిరి. మన్రోగారు పాళెగాండ్ర సైన్యములను తీసివేసిరి. లోబడినవారికి భరణము లిచ్చిరి. లోబడనివారిని వెడలగొట్టిరి. తాము భవనము కట్టుకొని కూర్చుండక చాలకాలము డేరాలలోనే కాపురముండి సంచారము చేసిరి.

ఇచ్చట ఒక కఠిన సంగతిని దాచరాదు. 1801లో ఆదోనికి దూరము గాని తెర్నేకల్లు గ్రామమున శిస్తు విషయమై కలహము పుట్టి తహసీల్దారు చంపబడెను. గ్రామస్థులు తమ చిన్న కోటలో నిలిచి కుంపిణీ సైన్యము నెదిరించిరి. మొదటి దాడి సాగలేదు. మరల అధిక సైన్యము వచ్చి కోటను పట్టుకొనెను. నాయకుడైన ముత్తుకూరు గౌడప్ప ఉరితీయబడెను. ఆ ప్రాంతమువారు నేటికిని ఆయనను వీరుడని తలంచుకొందురు. మన్రోగారిని పొగడు నోరు గౌడప్పను మరచుట ధర్మము గాదు. పరాయి ప్రభుత్వము మంచివాని చేత నడపబడినను పరాయి ప్రభుత్వమే. దాని శిస్తు కాలు తప్పిన యెడ దాని వెనుక ఫిరంగి యుండెను.

అయినను ఆయన చేసిన పని సామాన్యము కాదు. వంగరాష్ట్రమున 1793లో కుంపిణీవారు జమీందారులతో శాశ్వతముగా శిస్తు నిర్ణయించుకొనిరి. రైతు జమీందారు దయకు విడువబడెను. మన్రోగారు ఆ మార్గమును ఒల్లలేదు. దున్నువానికిని దొరతనమునకును నడుమ మఱియొకడుండరాదని ఆయన మతము. ఇదియే రైతువారీ పద్ధతి. 1802 మొదలుకొని గొలుసులతో పొలము పొలమును కొలిపించిరి. కరణములు, కొలతగాండ్రు, మదింపుదారులు ఈ దేశపువారే. నేలను తరములుగా విభజించి ఒక్కొక్క పొలమునకు ఇంత శిస్తని వ్రాయించిరి. తన పేరట పట్టా, తన పొలమునకు తెలిసిన లెక్క యుండుటచే, ఎవ్వడో వచ్చి నోటికి వచ్చిన మొత్తము అడుగుట తగ్గెను.

ఆ శిస్తు తేలిక యని మాత్రము అనరాదు. కలెక్టరుగా మన్రోగారు తమ లెక్కలనే చూచి, శిస్తు పంటలో దాదాపు సగమును మ్రింగుచున్నదని గ్రహించిరి. 1807లో సీమను విడుచుటకు పూర్వము, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెనని పై యధికారులకు వ్రాసిరి. వారప్పుడు అంగీకరింపలేదు. పిమ్మట రైతువారీని మాని గ్రామములను గుత్తల కిచ్చిరి. తాము కోరిన తగ్గింపు అమలగుట ఆయన గవర్నరై తిరిగి వచ్చిన తరువాతనే. తమ చేతి లెక్కలో తప్పున్నదని తామే పైవారికి వ్రాయుట ఉద్యోగస్థులలో తఱచు కాదు. విద్యార్థులారా, పరీక్షలో కూడిక తప్పినదని తెలిసి, గుణములు పోవునని భయపడక ఉపాధ్యాయునితో చెప్పు బాలుని తలంచుకొనుడు.

ఇక మొదటి వింతకథ. ఎమ్మిగనూరునకు ఉత్తరమున తుంగభద్రా తీరమందు మంచాల యను గ్రామము కలదు. మంత్రాలయమని నేడు లోకమెల్ల ఎఱుగును. మధ్వమతాచార్యులైన రాఘవేంద్రస్వామివారు 1671లో అచ్చట బృందావనమున ప్రవేశించిరి. ఆదవాని నేలిన సిద్ది మసూద్‌ఖాను కాలమున ఆ గ్రామము స్వామివారికి ఈయబడినదని సంప్రదాయము. మన్రోగారి కలెక్టరీలో ఇనాముల విచారణ జరుగుచుండగా ఈ మఠపు ఇనామును దొరతనము తిరిగి తీసికొనవలెనా యను ప్రశ్న పుట్టెనట. ఆయన స్వయముగా వచ్చి, గుమ్మమువద్ద టోపీయు పాదరక్షలును విడిచి లోపలికి పోయిరట. బృందావనము వైపు చూచుచు ఎవరితోనో చాలసేపు సంభాషించిరట. వెంట వచ్చినవారికి ఎవ్వరును కనబడలేదు, ఏ మాటయు వినబడలేదు. బయటికి వచ్చి, స్వామివారే తమతో మాటలాడిరని చెప్పి, ఇనామును స్థిరపఱచిరట. 1904లో ప్రకటింపబడిన బళ్ళారి జిల్లా గెజెటియరునందును ఈ కథ చోటు చేసికొన్నది.

ఇది నిజమా యని బాలురు ప్రతి సంవత్సరము అడుగుదురు. మా పాఠశాలలో క్రైస్తవులు, హిందువులు, మహమ్మదీయులు ఒక్క బల్లమీద కూర్చుందురు. ఒకడు చేతులు జోడించును, ఒకడు నవ్వును. మేమిట్లు చెప్పుదుము. ఆ సంభాషణమును ఒక్కరే చూచిరనియు, ఒక్కరే వినిరనియు కథయే చెప్పుచున్నది. చరిత్రకు సాక్షులు కావలెను. కనుక చరిత్ర ఆ గుమ్మమువద్ద నిలిచిపోవలసినదే. లోపల జరిగినదానిని జరిగెనని గాని జరుగలేదని గాని సిద్ధాంతము చేయుటకు దానికి అధికారము లేదు. భక్తులు భక్తితో తలంచుకొందురు. నవ్వుటకు మనకు హక్కు లేదు.

అయినను గుమ్మము వెలుపల నిలిచియే ఒకటి చూడవచ్చును. శిస్తు వసూలుదారుని గూర్చి ప్రజలు సాధారణముగా ఏ కథలు చెప్పుదురు? కొరడా కథలు, జప్తు కథలు చెప్పుదురు. ఈయనను గూర్చి మాత్రము, పాదరక్షలు విడిచి లోపలికి పోయి, చెవియొగ్గి వినెనను కథ చెప్పుకొనిరి. ఆ చెవి కొంచెము చెవిటిదని గూడ జ్ఞాపక ముంచుకొనుడు. వినుటయే ఆయన గొప్పతనమని ఈ సీమ జనులు గుర్తించిరని మా యభిప్రాయము.

1807లో స్వదేశమునకు పోయి, కుంపిణీ వ్యవహారములపై పార్లమెంటు విచారించుచుండగా సాక్ష్యమిచ్చిరి. 1814లో జేను క్యాంబెలు అను నామెను వివాహమాడి, న్యాయవిచారణ సంస్కరణకై ఆ యేడే చెన్నపురికి తిరిగి వచ్చిరి. మహారాష్ట్ర యుద్ధమున సేనానిగా పేరొంది, 1820లో చెన్నపట్టణము గవర్నరైరి. ఈ దేశస్థులకు గొప్ప యుద్యోగము లీయవలెననియు, వారు తమ్ము తాము పాలించుకొను దినము రావలయుననియు 1824లో దీర్ఘముగా వ్రాసి యుంచిరి. ఆ కాలమున అట్లు తలంచిన తెల్లదొరలు కొద్దిమంది.

మిషను పాఠశాలవారమైన మేము మరువరాని మఱియొక సంగతి కలదు. 1822లో బళ్ళారి ప్రాంతపు సబుకలెక్టరొకరు తమ యుద్యోగ హోదాతో క్రైస్తవ పత్రికలు పంచిపెట్టుచుండగా గవర్నరుగారు దానిని తప్పని నిర్ణయించిరి. అంతకు పూర్వమే, 1810 మొదలు, బళ్ళారిలో లండను మిషనువారు పనిచేయుచుండిరి. మిషనరీలు తమ బోధ తాము చేయవచ్చును. కాని పన్ను వసూలు చేయు చేతితో మతము పంచరాదని ఆయన తలంపు. తాము క్రైస్తవులయ్యును ఇట్లు తీర్మానించిరి. మంత్రాలయపు గుమ్మమున పాదరక్షలు విడిచిరను కథను ఈ తీర్మానముతో పోల్చి చూచిన, మనుష్యుడు ఒక్కడేయని తోచును.

ఉపాధ్యాయులమగు మాకు అన్నిటికంటె ప్రియమైన భాగమిప్పుడు వచ్చుచున్నది. 1822వ సంవత్సరము జూన్ నెలలో మన్రోగారు, ప్రతి జిల్లాలో బడులెన్ని, చదువుకొను బాలురెందఱు, ఏమి చదువుచున్నారో లెక్క పంపుడని కలెక్టరుల కందఱకు ఉత్తరువు వ్రాయించిరి. ఆదోని యప్పుడు చేరియుండిన బళ్ళారి జిల్లాలో 533 బడులున్నట్లు 1823లో లెక్క వచ్చెను. కన్నడము చెప్పునవి 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒక్కటి, బ్రాహ్మణులు మాత్రమే చదువుకొనునవి 23. కూడి చూడుడు, 533 సరిపోవును. వానిలో చదువుకొనువారు 6,641 మంది. అందు బాలికలు అఱువది మంది మాత్రమే. ఈ పత్రిక చదువు బాలికలారా, ఆ సంఖ్యను జ్ఞప్తి యుంచుకొనుడు.

రాజధాని యంతటను 12,498 బడులని తేలెను. వీథిబడి పంతులునకు నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదనియు, అందుచే తగినవారు ఆ వృత్తికి రారనియు మన్రోగారు కనుగొనిరి. 1826వ సంవత్సరము మార్చి 10వ తేదీని ఒక ఏర్పాటు వ్రాసిరి. 20 కలెక్టరేట్లలో ఒక్కొక్కదాని యందు హిందువుల కొకటి, మహమ్మదీయుల కొకటి చొప్పున 40 ప్రధాన పాఠశాలలు. ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు. తహసీలు కొకటి చొప్పున సుమారు 300 బడులు. ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయలు. ఉపాధ్యాయులను తయారు చేయుటకై చెన్నపట్టణమందలి శిక్షణశాలకు నెలకు 700 రూపాయలు. గణితము వచ్చిన బాలురు గుణించి చూచిన యెడల సంవత్సరమునకు 7,200, 32,400, 8,400, మొత్తము 48,000 రూపాయలగును. చదువు చెప్పువానికి ముందు చదువు చెప్పవలెనని ఆయన గ్రహించిరి. శిక్షణ కళాశాలలో చదివి వచ్చిన మావంటివారు ఆ 700 రూపాయల పద్దును చదివినప్పుడు చేతులు జోడింపకుండలేరు.

ఆ సంవత్సరమే కుమారుని యనారోగ్యమువలన భార్య బిడ్డతో ఇంగ్లండునకు పోయెను. తామును పోవలెనని రాజీనామా పంపియుండిరి గాని, బర్మా యుద్ధముచేతను, క్రొత్త గవర్నరు రాక ఆలస్యమగుటచేతను నిలిచిపోయిరి. తుదకు 1827 మే మాసాంతమున, ఓడ యెక్కుటకు ముందు తమ దత్తమండలముల నొక్కసారి చూచి రావలెనని చెన్నపట్టణము నుండి బయలుదేరిరి. అది గ్రీష్మము. దారిలో కలరా వ్యాపించి యుండెను.

ఈ ప్రయాణమునకు చెందినదే రెండవ వింతకథ. మొదటి కథకు ఇది ఉత్తరభాగమని చెప్పవచ్చును. కడప జిల్లా వేంపల్లె చేరువ పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చు చోటును గండి యందురు. అచ్చట ఆంజనేయుని గుడి కలదు. శ్రీరాముడు లంకనుండి మరలునప్పుడు వాయుదేవుడు ఆ రెండు కొండలకు బంగారు పూల తోరణము కట్టెననియు, పుణ్యాత్మునకు అంత్యకాలము సమీపించినప్పుడు అది కనబడుననియు నమ్మకము. మన్రోగారు ఆ దారిని పోవుచు పైకి చూచి, ఈ తోరణమును ఎవరు కట్టిరని అడిగిరట. ప్రక్కవారికి ఏమియు కనబడలేదు. ఒక వృద్ధుడు మాత్రము అర్థము తెలిసి మౌనము వహించెనట.

చరిత్ర చెప్పునది ఇంతమాత్రము. జూలై 6వ తేదీని మన్రోగారు పత్తికొండకు చేరిరి. ఆ యుదయమే కలరా సోకెను. ఆ రాత్రియే మరణించిరి. వయస్సు అఱువదియాఱు. మరునాడు గుత్తిలో సమాధి చేసిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణము సెయింటు జార్జి కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన పేరట తోపు వేసి బావి త్రవ్వించిరి. గుత్తిలో సత్రము కట్టించిరి. 1839లో చెన్నపట్టణమున, జీనును రికాబులును లేని గుఱ్ఱముపై కూర్చున్న కంచు విగ్రహమును నిలిపిరి. తిరుమలలో మన్రో గంగాళమని ఆయన పేర పాత్ర యొకటి కలదు. మన సీమయందలి పల్లెలలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. విగ్రహమును ధనవంతులు చందా వేసి పెట్టవచ్చును గాని, బిడ్డకు పేరు పెట్టుమని ఎవ్వరిని బలవంతపఱుప జాలరు.

ఆయన బడులేమాయెనని అడుగుదురేమో. కొన్ని తెఱువబడెను. అనేకము తెఱువబడలేదు. ఆయన వలె పట్టుదల గలవారు లేకపోవుటచే ఆ యేర్పాటు క్షీణించి 1836లో ఎత్తివేయబడెను. మా మనస్సునకు గండిలోని తోరణముకంటె ఇది ఎక్కువ బాధాకరమైన వింత. మూడు వందల బడులు కాగితముపై మెఱసి మాయమయ్యెను. వానిలో చదువవలసిన బిడ్డలు చదువకయే పెరిగిరి.

ఇక మా బాలుని సంగతి. ఈ చరిత్రమంతయు ఒక సాయంకాలము వానికి చెప్పితిమి. మన్రోగారు కలరా వలన మృతిబొందిరనియు, ఆ నాడు దానికి మందు తెలియదనియు, నీరు మంచిదై, చేతులు శుభ్రమై, ఉప్పు చక్కెర కలిపిన నీరు వేళకు త్రాగించిన నేడు అనేకులు బ్రదుకుదురనియు చెప్పితిమి. పిదప వానిని, కథ చెప్పిన పెద్ద బాలురను గూడ వెంట తీసికొని కోటకొండ దిగువకు పోతిమి. ప్రొద్దు వ్రాలుచుండెను. రెండు బండల నడుమ మరల బంగారు చాయ మెఱసెను. బాలుడు మా చేయి గట్టిగా పట్టుకొనెను. పెద్ద బాలురును ఒక్క క్షణము మాటలాడలేదు. మెల్లగా పైకెక్కి చూడగా, ఱాతి తొట్టివంటి పల్లమున వాననీరు నిలిచి యుండెను. క్రుంకు సూర్యుని కిరణములు దానిపై బడి క్రిందివారికి బంగారమై కనబడుచుండెను. మేమందఱమును చూచితిమి. మేమందఱమును నేటికిని బ్రదికియే యున్నాము.

బాలుడు ఆ నీటిలో చేయి ముంచి, కదలిన బంగారమును చూచి నవ్వెను. ఆ రాత్రి రెండుమారులు అన్నము అడిగి తినెను. ఇత్తడి చెంబు తిరిగి వచ్చెను గాని కలమును స్నేహితుడు ఈయలేదు. ఆ తగవు వేఱుగా తీర్పవలసి వచ్చెను.

గండిలోని తోరణమును నీటిగుంట యని మేము చెప్పుటలేదు. మేము దానిని చూచి యెఱుగము. కొండ యెక్కి చూడగల దానిని ఎక్కి చూడవలెననియు, చూడజాలని దానిని గూర్చి చిన్నవారిని భయపెట్టరాదనియు మాత్రము చెప్పుచున్నాము. పెద్ద బాలురు ఆ దినము మొదలు దీపములార్పిన పిదప కథలు మానలేదు. కాని చెప్పిన కథకు కడవఱకు చెప్పవలెనని తమలో తామే నియమము పెట్టుకొన్నారు. ఆ నియమము మొదట పాటింపవలసినవారము మేమే. తలిదండ్రులారా, పత్తికొండ దారిని పోవునప్పుడు మీ బిడ్డలకు ఇచ్చట ఒక దొర మరణించెనని మాత్రమే చెప్పక, పొలముల లెక్క దిద్దబోయిన వాడనియు, వీథిబడి పంతులుకు తొమ్మిది రూపాయలు ఇప్పింపబోయిన వాడనియు గూడ చెప్పుడు. తెర్నేకల్లు గౌడప్ప పేరును గూడ చెప్పుడు. అప్పుడు గాని కథ పూర్తి కాదు.